షీటు అవతలి అంచు

గడచిన భాగం చివర ఆనంద్ పాల్‌ను మనం ఏలూరు పవర్‌పేటలోని అతని వడ్రంగి షాపులో, స్వయంగా కట్టుకున్న కోత యంత్రం ముందు, స్విచ్ మీద వేలు ఆనించి నిలబడి ఉండగా విడిచిపెట్టాము. అతను అక్కడిదాకా ఎందుకు వచ్చాడో ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటును ఒక్క మనిషి కోయలేడు. ఒకరు రంపం నడపాలి, ఇంకొకరు అవతలి అంచు పట్టుకోవాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ అవతలి అంచు పట్టుకున్నవాడు కొల్లేటికోట గంగరాజు. మొన్న వేసవిలో, ఆర్.ఆర్.పేటలో విజయకుమారి అనే రిటైర్డు హెడ్మిస్ట్రెస్ ఇంట్లో వాళ్ళు బిగించిన బీరువా తలుపు మూతపడలేదు. పక్క పలక నాలుగు మిల్లీమీటర్లు వాలి ఉంది. ఇంటివాళ్ళందరి ముందూ ఆనంద్ పాల్ అన్నాడు: "నా గీత తప్పదండీ. అవతల పట్టుకున్న చెయ్యి తప్పింది." గంగరాజు తన చేతిలోని గీత కొట్టే రంగు నూలు ఉండను కిటికీ గట్టు మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అతను మళ్ళీ రాలేదు, ఇతను పిలవలేదు. పిలవడానికి బదులు యంత్రం కట్టాడు.

వేలు స్విచ్ మీద ఆగిపోవడానికి కారణం భయం కాదు. కోత మొదలుపెట్టే ముందు "పట్టావా?" అని అడగడం అతనికి అలవాటు. "పట్టా" అని అవతలి నుంచి వినిపించిన తరువాతే రంపం కదిలేది. ఇప్పుడు కూడా నోరు దానంతట అదే తెరుచుకుని "పట్టావా?" అంది. ఎదురుగా గోడ ఉంది. ఆనంద్ పాల్ కాసేపు ఆ గోడను చూసి, పెదవి కొరుక్కుని, స్విచ్ నొక్కాడు.

యంత్రం చక్కగానే పనిచేసింది. ఇనప చట్రం గోడకు కొద్దిగా వెనక్కి వాలి ఉంది. దాని అడుగున బేరింగుల వరస. షీటును ఒక మూల ఎత్తి ఆ వరస మీదికి చేరిస్తే, తరువాత ఒంటి చేత్తో తోసుకోవచ్చు. చట్రం నడుమ పైనుంచి కిందికి రెండు ఉక్కు కడ్డీలు. తాడేపల్లిగూడెంలో పడగొట్టిన ఒక రైసుమిల్లు సామాన్లలోంచి ఏరి తెచ్చిన పాత షాఫ్టులవి. ఆ కడ్డీలను పట్టుకుని కరెంటు రంపం పైకీ కిందికీ నడుస్తుంది. రంపం బరువు చేతి మీద పడకుండా కప్పీ మీదుగా ఒక తాడు, తాడు రెండో కొసన ఒక డబ్బా. డబ్బా నిండా వలలకు కట్టే సీసపు గుళ్ళు. గంగరాజు ఎప్పుడో ఊరినుంచి తెచ్చి అటక మీద పడేసినవి. చేతికందాయి కాబట్టి వాడానని ఆనంద్ పాల్ తనకు తాను చెప్పుకున్నాడు. షాపులో ఇసుక బస్తా కూడా చేతికందే దూరంలోనే ఉంది.

కొత్త యంత్రానికి నిమ్మకాయ కట్టలేదు. గుమ్మడికాయ కొట్టలేదు. షాపులోకి ఏ మిషన్ వచ్చినా ఆ రెండూ గంగరాజు చేసేవాడు. ఆనంద్ పాల్ పక్కన నిలబడి, "నిమ్మకాయ పులుపుకి మోటారు వైండింగ్ కాలకుండా ఉంటుందా గంగరాజూ?" అని అడిగేవాడు. "మీరు నవ్వండి, నేను కడతాను. ఎవరి పని వాళ్ళదండీ" అనేవాడు గంగరాజు. ఆనంద్ పాల్ అందరినీ చూసి సమానంగానే నవ్వేవాడు. క్రైస్తవ మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాడైనా చర్చికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. కొలిచి చూడనిది నమ్మను అన్నది అతని సిద్ధాంతం. పాస్టరు గారితోనూ అదే మాట, సిద్ధాంతి గారితోనూ అదే మాట.

రంపం కిందిదాకా దిగింది. షీటు రెండు ముక్కలైంది. ఇక పరీక్ష. కుడి ముక్కను ముఖం వెనక్కీ, కింది అంచు పైకీ వచ్చేలా తిప్పి, కోసిన అంచును ఎడమ ముక్క అంచుకు ఆనించాలి. కోత నిటారుగా ఉంటే రెండంచులూ సందు లేకుండా కలుస్తాయి. వాలి ఉంటే ఆ వాలు రెట్టింపై కనిపిస్తుంది. ఈ పరీక్షకు సాక్షి అక్కర్లేదు. ఒక్కడే మనిషి, ఒక్కటే షీటు.

కింద కలిశాయి. పైన కలవలేదు. చిటికెనవేలు దూరేంత సందు.

కడ్డీలు కదిలి ఉంటాయనుకున్నాడు. బోల్టులు వదులు చేసి, మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం తెచ్చి, బేరింగులున్న అడుగు పట్టీకి ఆనించి కడ్డీలను సరిచేసి బిగించాడు. ఇంకో ముక్క కోశాడు. అదే సందు. ఈసారి చట్రం మొత్తం విప్పి, మళ్ళీ మూలమట్టం పెట్టి, ఊపిరి బిగబట్టి సరిచేశాడు. అదే సందు, అదే వైపు, అంతే వెడల్పు.

ఆనంద్ పాల్ బల్ల మీద కూర్చున్నాడు. చేతి పొరపాటు ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఎన్నిసార్లు చేసినా మారని పొరపాటుకు మారని కారణం ఒకటి ఉండాలి. మోటారు కాదు, బేరింగులు కాదు. యంత్రం కట్టినప్పుడూ, సరిచేసిన రెండుసార్లూ మారకుండా ఉన్నది ఒక్కటే. అది అతని ఒళ్ళో ఉంది.

ఆ మూలమట్టం అతని తండ్రి జేమ్స్ గారిది. టేకు పిడి, పిడి అంచుకు ఇత్తడి రేకు, దానికి అడ్డంగా బిగించిన ఉక్కు పలక. చర్చి బెంచీలు, బడి బల్లలు, మిషన్ ఆసుపత్రి తలుపులు అన్నీ దానితో గీసినవే. జేమ్స్ గారు కొడుక్కి చదువు చెప్పించలేకపోయారు గానీ ఇది ఇచ్చి వెళ్ళారు. ఆనంద్ పాల్ ప్రతి ఉదయమూ దాన్ని నూనె గుడ్డతో తుడిచి, మేకుకు తగిలించేవాడు. అందులో భక్తి ఏమీ లేదని అతని నమ్మకం. ఇనుము తుప్పు పట్టకుండా తుడవడం వేరు, పసుపు పూయడం వేరు.

అతను షీటు అంచుకు మూలమట్టం ఆనించి, పెన్సిలుతో ఒక గీత గీశాడు. తరువాత, జీవితంలో మొదటిసారి, దాన్ని తిరగేశాడు. అదే అంచుకు, అదే చుక్క దగ్గర ఆనించి, రెండో గీత గీశాడు. మూలమట్టం సరైనదైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. చుక్క దగ్గర కలిసిన గీతలు పైకి పోయేకొద్దీ విడిపోయాయి. ఒక సన్నని చీలిక, కొంగ ముక్కు తెరిచినట్టు.

చిన్నపిల్లవాడు కూడా చేయగల పరీక్ష అది. దాన్ని అతను పక్కవాళ్ళ మూలమట్టాలకు ఎన్నోసార్లు చేసి చూపించాడు కూడా. తనదానికి చేయాలన్న ఆలోచన రాలేదు.

కొంతసేపటికి అసలు ప్రశ్న వచ్చింది. ఈ మూలమట్టంతోనే ఇరవై ఏళ్ళు గీసి కోశారు. వందల బీరువాలు, వంటింటి అరలు, తలుపులు. అవన్నీ ఎందుకు వాలలేదు? వాలి ఉంటే ఊరు ఊరుకునేదా? ఒక్క విజయకుమారి గారి బీరువాయే ఎందుకు వాలింది?

జవాబు చెప్పగలవాడు ఒక్కడే ఉన్నాడు. ఫోన్లో అడగదగిన ప్రశ్న కాదు. మర్నాడు పొద్దున్నే మూలమట్టాన్ని నూనె గుడ్డలో చుట్టి, చేతిసంచీలో పెట్టుకుని, ఆనంద్ పాల్ కైకలూరు బస్సెక్కాడు.

*

కైకలూరులో దిగి, గంగరాజు ఊరు కొల్లేటికోటకు ఆటో ఎక్కాక రోడ్డుకు రెండువైపులా చెరువులే. చెరువు, గట్టు, చెరువు, గట్టు. మధ్యలో మిగిలిన చోట కొల్లేరు. శీతకాలం కావడంతో గూడబాతులు వచ్చేశాయి. బరువైన ముక్కులు గుండెకు ఆనించుకుని, ఎవరితోనూ సంబంధం లేనట్టు నీటి మీద తేలుతున్నాయి. ఇన్నేళ్ళ స్నేహంలో ఆనంద్ పాల్ ఈ ఊరికి వచ్చింది రెండుసార్లే. రెండూ పెళ్ళిళ్ళకు. మామూలు రోజున ఎప్పుడూ రాలేదు.

ఇంటి ముందు గంగరాజు భార్య వెంకటనరసమ్మ చేపలు తోముతోంది. తలెత్తి చూసి, చేతులు కడుక్కోకుండానే లేచింది.

"అన్నయ్యగారే! ఇన్నాళ్ళకి మా ఊరు దారి దొరికిందాండీ? ఏలూర్లో ఎవరైనా మ్యాపు గీసిచ్చారా?"

"దారి తెలుసమ్మా. మొహం చెల్లలేదు."

"ఆ మాట అన్నారు, బాగుంది. కూచోండి. మొహం చెల్లనోళ్ళకి కూడా మా ఇంట్లో కుర్చీ ఒకటేనండీ." ఆమె ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో దులిపింది. "ఆ రోజు మీరేం అన్నారో ఆయన నాకు చెప్పలేదు. విజయకుమారి గారింట్లో అంట్లు తోమే మనిషి మా పిన్ని కూతురు, అది చెప్పింది. ఆయన్నడిగితే, పాల్ గారు అబద్ధం ఆడే మనిషి కాదే, ఊరుకో అన్నాడు. అలా అన్నాక నేనేం మాట్లాడనండీ?"

ఆనంద్ పాల్ కుర్చీలో కూర్చోలేదు. "ఎక్కడున్నాడు?"

"సుబ్బరాజు గారి చెరువు మీద. పిట్టల కాపలా." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "మనిషి మారిపోయాడండీ. తిండి తగ్గించేశాడు. పులుసు పెడితే చారు చాలంటాడు. కొల్లేట్లో పుట్టినోడు చేప వద్దంటే ఏమనుకోవాలి? ముళ్ళు ఏరుకునే ఓపిక లేదంట! నిన్నగాక మొన్న కొర్రమేను ముళ్ళు నేనే తీసి పెడితే, చంటిపిల్లాడిలా తిన్నాడు. మీరైనా నాలుగు చివాట్లు పెట్టండి. మీ మాటైతే వింటాడు."

"నా మాట విన్నందుకేగదమ్మా ఇక్కడున్నాడు" అన్నాడు ఆనంద్ పాల్.

*

చెరువు గట్టు మీద తాటాకు పాక, పాక ముందు నులకమంచం, మంచం మీద గంగరాజు. అతని చేతిలో ఒక నైలాన్ తాడు. ఆ తాడు చెరువుకు అడ్డంగా అవతలి గట్టుదాకా పోయింది. పొడుగునా ఖాళీ రేకు డబ్బాలు, మెరుపు రిబ్బన్లు వేలాడుతున్నాయి. గంగరాజు తాడు లాగినప్పుడల్లా డబ్బాలన్నీ గలగలమంటాయి, చేపల కోసం దిగిన పిట్టలు లేస్తాయి. కానీ మంచానికి నాలుగు బారల దూరంలో, తాడు కట్టిన గుంజ మీదే ఒక నీటికాకి కూర్చుని, రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. గంగరాజు దాన్ని పట్టించుకోలేదు.

ఆనంద్ పాల్ వచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు. ఎండ ఇద్దరి మీదా సమానంగా ఉంది. గంగరాజు ముఖం ఎత్తి, కళ్ళు చిట్లించి అన్నాడు:

"ఎవరండీ అది?"

ఆ మాట గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళు ఎదురుబొదురుగా నిలబడిన మనిషిని ఎవరని అడగడం కంటే ముఖం మీద తలుపు వేయడం మర్యాద. తనకు ఇది దక్కవలసిందే అనుకుని ఆనంద్ పాల్ గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకే గంగరాజు లేచి నిలబడ్డాడు.

"పాల్ గారా! మీరాండీ! రండి, రండి. ఇలా మంచమ్మీద కూచోండి. చెప్పాపెట్టకుండా ఏంటండీ?"

"తెలియనట్టు ఎవరని అడిగి, ఇప్పుడు మర్యాద చేస్తావా?"

గంగరాజు తాడు ఒకసారి లాగాడు. డబ్బాలు మోగాయి. నీటికాకి ఎగిరి, ఒక చుట్టు చుట్టి, మళ్ళీ అదే గుంజ మీద వాలింది.

"మిషన్ కట్టారంటగా" అన్నాడు. "మన వీధి టీ కొట్టు గీతాంజలమ్మ ఫోన్ చేసింది. పాల్ గారు గోడకి ఇనప నిచ్చెన కట్టి దానికి రంపం తగిలించారు, మనిషి బాగానే ఉన్నాడా అని నన్నడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఆయన ఎప్పుడూ అంతేనమ్మా అన్నానండి." గంగరాజు నవ్వాడు. "నిమ్మకాయ కట్టారా?"

"లేదు."

"కోత తప్పిందా?"

ఆనంద్ పాల్ ఉలిక్కిపడ్డాడు. "తప్పింది."

"నిమ్మకాయ కట్టనందుకు కాదులెండి. భయపడకండి."

అంతకన్నా మంచి సందర్భం దొరకదు. ఆనంద్ పాల్ సంచీలోంచి నూనె గుడ్డ తీసి విప్పాడు. మూలమట్టాన్ని గంగరాజు అరచేతిలో పెట్టాడు. గంగరాజు దానివైపు చూడలేదు. బొటనవేలితో ఇత్తడి రేకు అంచు తడిమాడు, ఉక్కు పలక పొడుగునా వేలు నడిపాడు, పిడి మీద జేమ్స్ గారు చెక్కిన చిన్న శిలువ గుర్తు దగ్గర ఆపాడు.

"ఇది తప్పుదని నీకు తెలుసా?" అన్నాడు ఆనంద్ పాల్.

"తెలుసండి."

"ఎప్పటినుంచి?"

"పన్లో చేరిన మొదటి నెలనుంచీ. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు తిరగేసి గీసి చూశాను. మా తాత దోనెలు చెక్కేవాడండి. ఎవరి పనిముట్టైనా చేతికొస్తే ముందు తిరగేసి చూడమనేవాడు. దాన్ని అనుమానం అనకూడదు, పలకరింపు అనాలి అనేవాడు."

"మరి పని ఎలా సాగింది ఇన్నాళ్ళూ? ఒక్కటీ వాలలేదే!"

గంగరాజు మూలమట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ గాలిలో చాపి, నూలు పట్టుకున్నట్టు చూపించాడు. "మీరు మీ అంచున చుక్క పెట్టి, మూలమట్టంతో గీత మొదలెట్టేవారు. నూలు కొస నాకిచ్చి, నా గీతకి తిన్నగా పట్టుకో అనేవారు. అవునా? నేను మీ గీతకి తిన్నగా ఏనాడూ పట్టలేదండి. షీటు మూలనుంచి నా పక్కన టేపుతో కొలిచి, మీ చుక్క ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో పట్టేవాణ్ణి. కంపెనీ షీటు అంచు వాలదుగా. మీరు వంగి నూలు లాగి కొట్టేలోపు మీ గీత ఏ వైపు పోయిందో చూసుకునేవారు కాదు. నూలు రంగు పడ్డాక దాని కింద పెన్సిలు గీత ఎవరికి కనబడుద్ది?"

 అవతలి అంచును ఆనంద్ పాల్ ఎప్పుడూ ఒక ఆసరాగానే లెక్కించాడు, ఒక స్టాండు బల్లలాగా. కొలత తన అంచున జరుగుతుందనీ, అవతల బలం మాత్రమే ఉంటుందనీ. రంపం నడిపినంతకాలమూ అతను నడిచింది గంగరాజు గీత మీద.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నానండి. మర్నాడు పొద్దున్న షాపు తీసేసరికి మీరు దాన్ని తుడుస్తున్నారు. ఇత్తడి మీద ఆవిరి ఊది, చొక్కా అంచుతో రుద్దుతున్నారు. మా ఆవిడ మా ఊరి పెద్దింట్లమ్మ తల్లి పటం కూడా అంత శ్రద్ధగా తుడవదు." గంగరాజు గొంతులో వేళాకోళం లేదు. "దేవుణ్ణి నమ్మని మనిషికి ఒక్కటుంది, అదెందుకు తియ్యాలి అనిపించిందండి. నా పక్కన నేను చూసుకుంటే సరిపోయేదానికి!"

చెరువు మీద గాలి తిరిగింది. రిబ్బన్లు మెరిశాయి. ఆనంద్ పాల్‌కు తన షాపు గుర్తుకు వచ్చింది. గోడకు వాలిన చట్రం, కప్పీ మీద తాడు, తాడు కొసన సీసపు గుళ్ళు. ఒంటరిగా పనిచేయడానికి కట్టిన ఆ యంత్రం ముందుగా కనిపెట్టింది, తను ఎన్నడూ ఒంటరిగా పనిచేయలేదన్న సంగతిని.

"అయితే ఒక్కటి చెప్పు" అన్నాడు. "ఇరవై ఏళ్ళు సరిదిద్దినవాడివి, విజయకుమారి గారి బీరువా ఎందుకు వదిలేశావు? నా మీద కోపమా? ఒక్కసారైనా తప్పు బయటపడాలనుకున్నావా? అనుకుంటే తప్పు లేదు. నాకు తెలియాలి, అంతే."

గంగరాజు తాడు లాగబోయి ఆగాడు.

"కోపమేంటండీ."

"మరి?"

"ఆ రోజు నేను మీ గీతకి తిన్నగానే పట్టానండి. మీరు చెప్పినట్టే."

"ఎందుకని?"

గంగరాజు తాడు కొసను వేళ్ళకు చుట్టుకున్నాడు. ఈలోగా ఆనంద్ పాల్ తన ఎదుటి మనిషిని మొదటిసారి పరిశీలనగా చూశాడు. గంగరాజు ముఖం తనవైపే ఉంది గానీ, చూపు తన భుజం పక్కన ఎక్కడో ఆనుతోంది. మూలమట్టాన్ని వేలితో గుర్తుపట్టిన తీరు. ఎదురుగా, ఎండలో నిలబడితే ఎవరని అడిగిన తీరు. చేప ముళ్ళు. గుంజ మీద నీటికాకి. విడివిడిగా చూసినప్పుడు వీటిలో ప్రతిదానికీ ఒక్కో కారణం చెప్పుకోవచ్చు. కలిపి చూసినప్పుడు కారణం ఒక్కటే.

"టేపు మీద అంకెలు కనపట్టం మానేశాయండి" అన్నాడు గంగరాజు. "మొదట చిన్న గీతలు పోయాయి. తర్వాత అంకెలు. కొన్నాళ్ళు వేలి కణుపులతో కొలిచి నెట్టుకొచ్చాను. ఆ బీరువా నాటికి నా అంచున ఏ కొలతా తేలలేదండి, మీ గీత ఒక్కటే లీలగా కనబడింది."

"డాక్టరుకి చూపించావా?"

"ఏలూర్లోనే చూపించానండి, మీకు తెలీకుండా. శుక్లం అయితే కోయించుకుందామనుకున్నా. శుక్లం కాదంట. షుగర్ వల్ల కంటి వెనక పొర పాడైందంట. సూదులేస్తే ఉన్నది నిలబడొచ్చు, పోయింది మాత్రం రాదన్నారు. మనుషులు గుడ్డతో కట్టిన బొమ్మల్లా కనబడతారు. మొహం ఉండాల్సిన చోట మసక."

"ఈ సంగతి అక్కడే, వాళ్ళందరి ముందే చెప్పి ఉంటే..."

"చెబితే మీరేం చేసేవారు? జాలిపడి కుర్చీ వేసి కూచోబెట్టేవారు. మీరు తిట్టారు కాబట్టి మొగాడిలా లేచి వచ్చేశానండి." గంగరాజు చెయ్యి చాపి, ఆనంద్ పాల్ మణికట్టు వెతికి పట్టుకున్నాడు. "మా ఇంట్లో తెలీదు. తెలీకూడదు. తెలిస్తే ఈ తాడు కూడా లాగనివ్వదు. గడప దాటనివ్వదు. మీరు మాటివ్వాలి."

ఆనంద్ పాల్ మాట ఇవ్వలేదు. కాదని కూడా అనలేదు. అతని మనసు అప్పటికే సూదుల గురించి, ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రి అన్నదాని గురించి లెక్క కడుతోంది. లెక్క కట్టడం అతనికి తెలిసిన ఒకే ఒక ఓదార్పు.

"ఒకటడుగుతాను పాల్ గారూ" అన్నాడు గంగరాజు. మణికట్టు వదల్లేదు. "మీ మిషన్‌కి నూలు కొట్టక్కర్లేదంటగదా?"

"అక్కర్లేదు. కడ్డీలే దారి చూపిస్తాయి."

"గీత?"

"గీత కూడా అక్కర్లేదు. ఒక దిమ్మ అడ్డం పెట్టి, షీటు దానికి తగిలేదాకా తోసి, రంపం దించడమే. ప్రతి ముక్కా ఒకే కొలత."

"దిమ్మకి తగిలిందని చేతికి తెలుస్తుందా?"

"తెలుస్తుంది. ఠక్కుమని చప్పుడు కూడా వస్తుంది."

గంగరాజు ముఖంలో ఏదో కదిలింది. బీరువా నాటి నుంచి, బహుశా అంతకుముందు నుంచి కూడా, ఆ ముఖంలో లేనిదేదో. "అయితే మూలమట్టం నేను సరిచేస్తాను. పిడిలో రివెట్టు దగ్గర సన్నగా రేకు ముక్క దోపితే చాలు, ఎప్పట్నుంచో తెలుసు. మిషన్‌ని దాంతో సరిచేద్దాం. ఆ తర్వాత..." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ మిషన్ నడిపేవాడికి కళ్ళెందుకండీ?"

అది ఆశా, ప్రశ్నా? ఆనంద్ పాల్ బుర్రలో రంపపు చక్రం తిరిగింది, నిమిషానికి కొన్నివేల చుట్లు. దానికి ఒక్క జాన దూరంలో, దారి తడుముకునే వేళ్ళు. రంపం చుట్టూ రేకు కవచం కట్టవచ్చు. రెండు చేతులూ రెండు స్విచ్చుల మీద ఉంటే తప్ప మోటారు తిరగకుండా చేయవచ్చు. చేయవచ్చు. అయినా, కాదంటే ఈ మనిషిని రెండోసారి పంపేసినట్టు. సరే అంటే, ఆ వేళ్ళకు తను పూచీ.

"ఎవరికండీ కళ్ళెందుకు?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పాక మలుపు దగ్గర వెంకటనరసమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో రెండు స్టీలు గ్లాసులు. ఎంత విన్నదో ఆమె ముఖం చెప్పడం లేదు.

"ఏం లేదే, మిషన్ సంగతి" అన్నాడు గంగరాజు, ఆమె గొంతు వచ్చిన వైపు కంటే కొంచెం పక్కకు తిరిగి.

"మిమ్మల్ని కాదండీ అడిగింది. అన్నయ్యగారూ! మీరు అబద్ధం ఆడరని ఈయన ఊరంతా చెప్పుకుంటాడు. నేనెప్పుడూ మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇది చెప్పండి. ఎవరి కళ్ళ సంగతండీ?"

మణికట్టు మీద గంగరాజు పట్టు బిగిసింది. ఆనంద్ పాల్ ఒళ్ళు ఆ పట్టును గుర్తుపట్టింది. షీటు బరువు ఒకవైపు ఒరిగినప్పుడు అవతలి అంచునుంచి వచ్చే బిగువు అది. అతను నోరు తెరిచాడు.

ఇంతలో గంగరాజు, మాట మళ్ళించాలన్న తొందరలో, ఖాళీగా ఉన్న చేత్తో తాడు అందుకుని గట్టిగా లాగాడు. "హోయ్! పో, పో! చూడవే, ఎన్ని దిగాయో, చేపలన్నీ మింగేసేలా ఉన్నాయి!"

డబ్బాలు గట్టునుంచి గట్టుదాకా మోగాయి. అంత మోతకూ ఎక్కడా రెక్క చప్పుడు లేదు.

వెంకటనరసమ్మ చెరువు వైపు తిరిగి చూసింది. ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా నీళ్ళు నున్నగా, ఎండలో తెల్లగా ఉన్నాయి. గుంజ మీద నీటికాకి కూడా ఎప్పుడో వెళ్ళిపోయింది. నీటి మీద ఒక్క పిట్ట లేదు.

ఆమె ఒక గ్లాసులో టీ పోసి, తాడు మీదున్న భర్త చెయ్యి తీసుకుని, వేళ్ళను గ్లాసు చుట్టూ ముడిచింది.